శనివారం సాయంత్రం దిగకండి: పరాయి దేశంలో మొదటి నెల

(వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. మాట్లాడిన తీరు పోకుండా, తడబాట్లు మాత్రం తీసేసి ఇస్తున్నాం.)

ముందుగా ఒక మాట. వెనకాల టకటకమని శబ్దం వినబడుతుంటే మీ ఫోనులో లోపం కాదు, అది మా నాన్న మగ్గం. నేను సెలవులకి వేటపాలెం వచ్చాను. "వీడియో తీసుకోవాలి, ఒక్క అరగంట ఆపు నాన్నా" అంటే, "నీ వీడియోకి డబ్బులొస్తాయా? దీనికొస్తాయి" అన్నాడు. న్యాయమే కదా! అందుకని ఈ రోజు మగ్గంతో పాటే మాట్లాడుకుందాం.

చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అక్కా, జర్మనీకి సీటొచ్చింది, వీసా వచ్చింది, టికెట్టు కూడా తీసుకున్నాం. దిగాక మొదటి రోజుల్లో ఏం చెయ్యాలి?" అని. దీనికి పెద్ద లిస్టు ఒకటి చదివి వెళ్లిపోవచ్చు. అలాంటి లిస్టులు నేనూ చదివే వెళ్లాను. పది స్క్రీన్‌షాట్లు తీసి ఫోన్లో పెట్టుకుని మరీ వెళ్లాను. అయినా ఎక్కడ పడాలో అక్కడే పడ్డాను. అందుకని లిస్టు కాకుండా, నాకు జరిగింది జరిగినట్టు చెప్తాను. అందులోంచి మీకు కావలసింది మీరు తీసుకోండి.

నేను వెళ్లింది 2023లో, మాగ్డెబుర్గ్ అనే ఊరికి. బెర్లిన్‌కి పడమరగా, ఎల్బె నది ఒడ్డున ఉంటుంది. చిన్నప్పుడు ఫిజిక్స్ పుస్తకంలో, రెండు రాగి అర్ధగోళాలు కలిపి లోపలి గాలి తీసేస్తే గుర్రాలు లాగినా విడిపోలేదని చదివాం, గుర్తుందా? ఆ ప్రయోగం చేసిన ఓటో ఫాన్ గెరికె ఆ ఊరి మేయరే. అక్కడి యూనివర్సిటీకి కూడా ఆయన పేరే పెట్టారు. మనవాళ్లు బాగానే ఉన్నారక్కడ.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను, ఎందుకంటే మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. జర్మనీ వెళ్లే స్టూడెంటు ఒక ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వెయ్యాలి. నేను వెళ్లినప్పుడు అది 11,208 యూరోలు. ఆ రోజుల్లో యూరో 88 రూపాయలకి అటూ ఇటూ. అంటే దగ్గర దగ్గర పది లక్షలు. (తర్వాత 2024 సెప్టెంబరు నుంచి దాన్ని 11,904 చేశారు.) ఇది ఫీజు కాదు, మన డబ్బే. కానీ ఒకేసారి ఇవ్వరు, నెలకి ఇంత అని ఇస్తారు. నా రోజుల్లో నెలకి 934. అది కూడా, అక్కడ మనకి మామూలు బ్యాంకు ఖాతా ఒకటి ఏర్పడిన తర్వాతే. ఈ చివరి వాక్యం గుర్తు పెట్టుకోండి. మా నాన్న నేతగాడు, మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని చేసింది. ఆ పది లక్షలు ఎలా వచ్చాయో మీకు వివరంగా చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ పేరు మీదున్న ఇల్లు బ్యాంకులో ఉంది. ఇప్పుడు నేను కూర్చుని మాట్లాడుతున్నది ఆ ఇంట్లోనే.

సరే. 2023 సెప్టెంబరు 30, శనివారం. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా బెర్లిన్‌లో దిగాను. పెట్టెల్లో బరువు మించిపోతుందని రెండు స్వెట్టర్లూ, పెద్ద జాకెట్టూ ఒంటి మీదే వేసుకుని విమానం ఎక్కాను. ఐరోపా అంటే చలి కదా, దిగగానే పనికొస్తాయిలే అని. దిగి చూస్తే అందరూ హాఫ్ చేతుల చొక్కాల్లో తిరుగుతున్నారు. ఆ ఏడాది సెప్టెంబరు అక్కడ బాగా వెచ్చగా ఉంది. నేనేమో ఉన్నిలో చుట్టిన ఇడ్లీలా చెమటలు కక్కుకుంటూ రెండు పెట్టెలు లాక్కుంటూ ప్రాంతీయ రైలెక్కాను. గదికి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. గది ఇచ్చినాయనకి నెల అద్దె 290 యూరోలు నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను. 300 డిపాజిట్టు ఇండియా నుంచే ముందుగా పంపించేశాను. ఆయన తాళంచెవి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆకలెయ్యలేదు, నిద్రపోయాను. ఆకలి తెల్లారాక మొదలైంది. సామాన్లు తెచ్చుకుందామని సంచీ పట్టుకుని బయల్దేరాను. మొదటి సూపర్ మార్కెట్టు మూసి ఉంది. పొద్దున్నే వచ్చానేమో అనుకున్నాను. రెండోది మూసి ఉంది. మూడోది కూడా. రోడ్ల మీద మనుషులే లేరు. ఏదన్నా బంద్ జరుగుతోందా అని భయమేసింది. చివరికి కుక్కని తిప్పుతున్న ఒకాయన్ని అడిగితే ఒకే మాట అన్నాడు, "జోన్‌టాగ్" అని. అంటే ఆదివారం. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసెయ్యాలన్నది చట్టం. నా స్క్రీన్‌షాట్లలో ఈ ముక్క ఉంది కూడా. కానీ అది చదివినప్పుడు అదేదో సెలవు సంగతి అనుకున్నాను గానీ నా కడుపు సంగతి అనుకోలేదు. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని షాపులు తీసే ఉంటాయి, కొన్ని బేకరీలు కొద్ది గంటలు తీస్తాయి, పెట్రోలు బంకుల్లో ఏదో ఒకటి దొరుకుతుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఆ ఆదివారం నన్ను నిలబెట్టింది మా ఊరి జీడిపప్పు. అమ్మ ఒక కిలో కట్టి ఇచ్చింది, సీనియర్లకి పంచమని. పొద్దున గుప్పెడు, మధ్యాహ్నం రెండు గుప్పెళ్లు, రాత్రి కందిపొడి అద్దుకుని ఇంకో గుప్పెడు తిన్నాను. జీడిపప్పు మీద కందిపొడి చల్లుకుని తిన్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. నెయ్యి కూడా కట్టింది గానీ, పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ ఐరోపాలోకి తీసుకెళ్లనివ్వరని తెలిసి విమానాశ్రయానికి బయల్దేరే ముందే తీసేశాను. మీరు కూడా పాల మిఠాయిలు పెట్టుకోకండి.

అలా మంచం మీద కూర్చుని జీడిపప్పు నములుతుంటే నాకు గాంధీ గారు గుర్తొచ్చారు. నవ్వకండి, నిజంగానే. మా ఊరివాళ్లకి ఆయన గుర్తు రావడం వింతేమీ కాదు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం మీరు వినే ఉంటారు. 1918లో మొదలైంది. దాని భవనానికి 1929లో శంకుస్థాపన చేసింది గాంధీ గారే. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నాలు నేను గడిపింది ఆ లైబ్రరీలోనే, చల్లగా ఉంటుందని. ఆయన ఆత్మకథ అక్కడే చదివాను. అప్పుడు లండన్ అధ్యాయాలు కథలా చదివి తిప్పేశాను. మాగ్డెబుర్గ్‌లో ఆ ఆదివారం మధ్యాహ్నం ఫోన్లో వెతికి మళ్లీ చదివితే, ఒక్కో వాక్యం నా గురించే రాసినట్టుంది.

ఆయన లండన్ చేరింది 1888లో. సెప్టెంబరు ఆఖరి రోజులు. అదీ శనివారమే! ఓడలో నల్ల సూటు వేసుకుని, దిగేటప్పుడు బాగుంటుందని దాచుకున్న తెల్ల ఫ్లానెల్ బట్టలు వేసుకున్నాడు. తీరా దిగి చూస్తే అంతమందిలో తెల్లబట్టలు ఆయనొక్కడికే. సిగ్గుతో చచ్చిపోయాడు. పోనీ మార్చుకుందామా అంటే పెట్టెలూ తాళంచెవులూ ఏజెంటు దగ్గర ఉండిపోయాయి. మర్నాడు తెచ్చుకుందామంటే మర్నాడు ఆదివారం! సోమవారం దాకా ఆ తెల్లబట్టలే. నూట ముప్ఫై అయిదేళ్ల తర్వాత మా ఊరి అమ్మాయికి అదే శనివారం, అదే ఆదివారం. బట్టలు మాత్రం తిరగబడ్డాయి. ఆయన పల్చటివి వేసుకుని సిగ్గుపడ్డాడు, నేను మందంవి వేసుకుని సిగ్గుపడ్డాను.

ఆయన దిగింది విక్టోరియా హోటల్లో. అక్కడి తిండి సహించలేదు. ఒకటి తెప్పిస్తే నచ్చలేదు, ఇంకోటి తెప్పిస్తే రెండింటికీ డబ్బులు కట్టించుకున్నారు. మూడు పౌండ్ల బిల్లు చూసి గుండె ఝల్లుమంది. అంత బిల్లు కట్టి కూడా పస్తున్నట్టే. అప్పుడాయనకి ఇంకా పందొమ్మిదేళ్లు నిండలేదు. నిండడానికి రెండు మూడు రోజులుంది. రాత్రిళ్లు అమ్మ గుర్తొచ్చి ఏడ్చేవాణ్ణని ఆయనే రాసుకున్నాడు. తర్వాత ఒక స్నేహితుడి దగ్గర ఉన్నప్పుడు రొట్టె ముక్కలు రెండో మూడో తిని, ఇంకొకటి అడగడానికి మొహమాటపడి ఆకలితోనే లేచేవాడట. దేశమంతా బాపూ అన్న మనిషి ఇంకో రొట్టె ముక్క అడగలేకపోయాడు. అది చదివాక నాకు ఏదో కొంచెం తేలికయింది. ఎందుకంటే, మా ఫ్లాట్‌లో పక్క గదిలో ఒకమ్మాయి ఉంది. వంటింట్లోంచి పాస్తా వాసన వస్తూనే ఉంది. "ఇవాళ షాపులు లేవు, నాకు కాస్త పెడతావా" అని అడగడానికి నా నోరు రాలేదు. తర్వాత ఆ అమ్మాయికి చెప్తే నన్ను తిట్టింది. మీరు మాత్రం అడగండి. తలుపు కొట్టి అడగండి.

సోమవారం దుకాణాలు తీశారు. అక్టోబరు రెండు కదా, ఇక్కడ మనకి సెలవు, అక్కడ పని దినం. బియ్యం అనుకుని ఒక ప్యాకెట్టు కొన్నాను. చవగ్గా ఉంది, మీద "రైస్" అని ఉంది. వండితే జావ జావగా ముద్ద అయిపోయింది. మళ్లీ కొంచెం నీళ్లు తగ్గించి వండాను, మళ్లీ ముద్ద. అది "మిల్ష్‌రైస్" అట. పాలల్లో ఉడికించి తీపిగా తినే పొట్టి బియ్యం. ఆ ముద్దలోనే ఆవకాయ కలుపుకుని మూడు రోజులు తిన్నాను, పారెయ్యబుద్ధి కాక. మామూలు బాస్మతి అన్ని చోట్లా దొరుకుతుంది, పేరు సరిగ్గా చూసుకోండి. కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, బకెట్లలో గడ్డపెరుగు కావాలంటే టర్కీ వాళ్ల కొట్లు వెతుక్కోండి. ఆసియా షాపులు కూడా ఉంటాయి గానీ అక్కడ ధర కొంచెం ఎక్కువ.

నీళ్లు కూడా అంతే. నీళ్ల సీసాలు ఆరు కొన్నాను, మూత తీస్తే బుస్సుమని సోడా! సీసా మీద "స్టిల్" అని ఉంటే అవి మామూలు నీళ్లు. అసలు కొనే పనే లేదు, కుళాయి నీళ్లు తాగొచ్చు. ఇంకో సంగతి. ఆ ఖాళీ ప్లాస్టిక్ సీసాలు నేను చెత్తలో వేసేశాను. ఒక్కో సీసాకి 25 సెంట్లు ముందే మన దగ్గర తీసుకుంటారు, షాపులో మిషన్‌లో వేస్తే తిరిగి ఇస్తారు. దాన్ని ప్ఫాండ్ అంటారు. ఆరు సీసాలంటే యూరోన్నర. మా నాన్నకి చెప్తే, "నూట ముప్ఫై రూపాయలు చెత్తలో వేశావా" అన్నాడు. మొదటి నెల అంతా అలాగే ఉంటుంది లెండి, ప్రతిదీ 88తో గుణించుకుంటూ.

మంగళవారం మళ్లీ షాపులన్నీ బంద్. అక్టోబరు మూడు, జర్మనీ రెండు ముక్కలు ఒకటైన రోజు, జాతీయ సెలవు. అంటే నేను దిగిన నాలుగు రోజుల్లో దుకాణాలు తీసి ఉన్నది ఒక్క రోజు. అందుకే చెప్తున్నాను, వీలుంటే మంగళవారమో బుధవారమో దిగేలా టికెట్టు చూసుకోండి. శనివారం సాయంత్రం మాత్రం దిగకండి. దిగే వారంలో అక్కడి సెలవులేంటో కూడా చూసుకోండి.

మళ్లీ గాంధీ గారి దగ్గరికి ఒక్క నిమిషం. హోటల్‌కి డాక్టర్ ప్రాణజీవన్ మెహతా అనే ఆయన చూడ్డానికి వచ్చాడు. మాటల్లో గాంధీ గారు ఆయన టోపీ తీసి, నునుపుగా ఉందని చెయ్యి అడ్డదిడ్డంగా రాశాడు. దాని మీద నూగు చెదిరిపోయింది. అప్పుడు మెహతా గారు కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. పక్కవాళ్ల వస్తువులు ముట్టుకోకు. మన దగ్గర అడిగినట్టు పరిచయం కాగానే ప్రశ్నలు వెయ్యకు. గట్టిగా మాట్లాడకు. కనబడిన ప్రతివాణ్ణీ సార్ సార్ అనకు. 1888లో చెప్పిన మాటలివి. 2023లో ఇందులో మూడు తప్పులు నేను మొదటి వారంలోనే చేశాను.

కింది పోర్షన్‌లో ఒక ముసలావిడ. మెట్ల దగ్గర పలకరిస్తే సంతోషమేసి, "మీకు ఎంతమంది పిల్లలు? ఎక్కడుంటారు? ఈ ఇంటికి అద్దె ఎంత కడతారు?" అని వరసగా అడిగాను. మనకి అది ప్రేమ. ఆవిడ మొహం మారిపోయింది. ట్రామ్‌లో అమ్మతో ఫోన్ మాట్లాడుతున్నాను. మగ్గాల మధ్య పెరిగినదాన్ని, గొంతు పెద్దగానే ఉంటుంది. కాసేపటికి చూస్తే ట్రామ్ మొత్తం నా వైపే చూస్తోంది. ఇంక యూనివర్సిటీలో సార్, మేడమ్ అని పిలిస్తే ఎవరూ పలకరు. ఇంటిపేరు పెట్టి ఫ్రావ్ ఫలానా, హెర్ ఫలానా అనాలి.

రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చెయ్యకూడదు. ఆదివారం రోజంతా కూడా డ్రిల్లింగూ, గోడకి మేకులు కొట్టడం లాంటివి కూడదు. మా సారస్వత నికేతనంలో చదువుకునే హాల్లో ఉన్నట్టు ఊరంతా ఉంటుందన్నమాట. నాకు ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టేది కాదు. పుట్టినప్పటి నుంచి తెల్లవారుజామున మగ్గం చప్పుడుతో లేచిన ప్రాణం. ఒక రాత్రి అమ్మకి ఫోన్ చేసి, "మాట్లాడొద్దు, ఫోన్ మగ్గం దగ్గర పెట్టు చాలు" అన్నాను. అప్పుడు అక్కడికీ మనకీ మూడున్నర గంటలు తేడా. నాకు రాత్రి రెండయితే ఇక్కడ అయిదున్నర. అమ్మ పెట్టింది. అలాగే నిద్రపోయాను.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి.

జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసుకి వెళ్లి, నేను ఫలానా చిరునామాలో ఉంటున్నాను అని నమోదు చేసుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి పాస్‌పోర్టుతో పాటు ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం ఒకటి కావాలి. దాని పేరు నోరు తిరగదు, "వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్". పేరు మర్చిపోయినా ఫర్వాలేదు, కాగితం మర్చిపోకండి. ఆ నమోదు అయితేనే ట్యాక్స్ నంబరు వస్తుంది, తర్వాత రెసిడెన్స్ పర్మిట్ పని జరుగుతుంది. నా బ్లాక్డ్ అకౌంట్ వాళ్లు కూడా డబ్బు వదలడానికి ఆ నమోదు కాగితం అడిగారు.

బుధవారం బ్యాంకుకి వెళ్లి ఖాతా తెరిచాను. "కార్డు ఒక కవరులో, పిన్ ఇంకో కవరులో పోస్టులో వస్తాయి" అన్నారు. సరే అని వచ్చేశాను. శుక్రవారం గది ఇచ్చినాయన్ని కాగితం అడిగితే సోమవారం అన్నాడు. సోమవారం అడిగితే, "రిజిస్ట్రేషన్ కుదరదు, నీకు ముందే తెలుసు కదా" అన్నాడు. నాకెవరూ చెప్పలేదు. తర్వాత అర్థమైంది ఏంటంటే, ఆయనే అద్దెకున్నాడు, అసలు ఓనరుకి చెప్పకుండా నాకు గది ఇచ్చాడు. ఓనరుకి తెలిస్తే ఆయన ఇల్లు పోతుంది. ఆయన మనవాడే, తెలుగువాడే. పేరు చెప్పను, అనవసరం.

ఈ లోపు పోస్టు రాదు. రోజూ కిందికి దిగి డబ్బా చూస్తాను, ఖాళీ. పదమూడో రోజు, అక్టోబరు 12న, బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. మీ ఉత్తరాలు తిరిగి వచ్చేశాయి, ఆ చిరునామాలో ఆ పేరు లేదట అని.

ఇక్కడ మనకి తెలియని సంగతి ఒకటుంది. మన పోస్ట్‌మ్యాన్‌కి మన ఇల్లు తెలుసు. డోర్ నంబరు లేకపోయినా, "మగ్గం వెంకటేశ్వర్లు గారి వీధి" అని రాస్తే చాలు వచ్చేస్తుంది. అక్కడ అపార్ట్‌మెంటుకి ఫ్లాట్ నంబర్లు సాధారణంగా ఉండవు. వీధి పేరు, బిల్డింగ్ నంబరు, అంతే. పోస్టు డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా ఇంటిపేరు ఉంటుంది. మీ ఇంటిపేరు డబ్బా మీద లేకపోతే, పోస్టువాళ్ల లెక్కలో మీరు అక్కడ లేనట్టే. కనీసం చిరునామాలో ఫలానా వాళ్ల కేరాఫ్ అని, డబ్బా మీద ఉన్న పేరు రాయించి ఉంటే వచ్చేది. అదీ తెలియదు.

వెంటనే తెల్లకాగితం ముక్క మీద మా ఇంటిపేరు పెద్దక్షరాలతో రాసి, సెల్లోటేపు వేసి డబ్బాకి అంటించాను. మర్నాడు పొద్దున చూస్తే ఆ కాగితం లేదు. గోరుతో పీకిన గుర్తులున్నాయి. గాలికి ఊడలేదు, ఎవరో తీసేశారు.

చూడండి, ఆకలేసినా ఏడవలేదు, ఆ మూడు రోజుల ముద్దన్నానికీ ఏడవలేదు. ఆ డబ్బా ముందు నిలబడి ఏడ్చాను. మా నాన్నకి ఇల్లు తాకట్టు పెట్టించి ఇంత దూరం వస్తే, నా పేరు ఒక రేకు డబ్బా మీద ఒక్క రాత్రి కూడా నిలవలేదు. పర్సులో 114 యూరోలున్నాయి. 600 తెచ్చుకుంటే, గది అద్దె, నెల టికెట్టు 49, దుప్పటి, గిన్నెలు, తిండి పోను మిగిలింది అది. స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ నెలకి 120 పైనే. పది లక్షలు నా పేరు మీదే ఉన్నాయి, నా చేతికి రావు. కాగితం లేనిదే నమోదు లేదు, నమోదు లేనిదే డబ్బు లేదు, డబ్బు లేనిదే వేరే గది లేదు, వేరే గది లేనిదే కాగితం లేదు.

అప్పుడు కొందరు ఇంకో దారి చెప్పారు. కొంత డబ్బిస్తే మా అడ్రసు మీద రిజిస్టర్ చేయిస్తాం, ఉండక్కర్లేదు అని. దయచేసి ఆ పని చెయ్యకండి. ఉండని ఇంట్లో ఉన్నట్టు నమోదు చేయించుకోవడం చట్టవిరుద్ధం. జరిమానాలు పెద్దవి. నా చేతిలో అంత డబ్బు ఉండుంటే చేసేదాన్నేమో, నిజం చెప్పాలంటే. డబ్బు లేకపోవడమే మంచిదైంది.

రెండు వారాలు రోజూ నాన్న ఫోన్ చేస్తే ఒకటే మాట చెప్పాను. అంతా బాగుంది. గది బాగుంది, తిండి బాగుంది, బ్యాంకు పనైపోయింది అని. ఆ శనివారం, అంటే అక్టోబరు 14న, ఇంక చెప్పలేక చెప్పేశాను. ఫోన్లో వెనకాల మగ్గం నడుస్తోంది. చెప్తుండగా మగ్గం ఆగిపోయింది. ఆ ఆగిపోవడం నాకు వినబడింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"చేతిలో ఎంతుంది?" అన్నాడు.

"నూట పద్నాలుగు."

"అన్నం తిన్నావా అంటే రోజూ తిన్నానన్నావే. అదైనా నిజమేనా?"

"అది నిజమే నాన్నా."

"సరే. అక్కడ మనవాళ్లు ఎవరున్నారో వాళ్లందరికీ చెప్పు. ఒకరికి కాదు, అందరికీ. పడుగులో పోగు తెగితే చూసీ చూడనట్టు నేసుకుంటూ పోతే గుడ్డంతా పాడవుతుంది. సిగ్గేంటి ఇందులో?"

ఆ రోజు సాయంత్రం యూనివర్సిటీ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. అప్పటిదాకా నేను ఆ గ్రూపులో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ పెట్టలేదు. ఇరవై నిమిషాల్లో నెల్లూరు అక్క ఒకావిడ ఫోన్ చేసింది. "మా ఫ్లాట్‌లో నెలాఖరుకి ఒక గది ఖాళీ అవుతుంది, అప్పటిదాకా హాల్లో పడుకో. ఓనరుతో నేను మాట్లాడతా. డిపాజిట్టు నీ డబ్బులొచ్చాక ఇద్దువుగానీ" అంది. ముందు గది డిపాజిట్టు 300 మాత్రం ఈ రోజుకీ రాలేదు. అక్కడున్న పక్క గది అమ్మాయి పెట్టెలు మొయ్యడానికి వచ్చింది, పాపం.

ఆదివారం మారాను. ఈసారి ఆదివారమని తెలుసు కాబట్టి శనివారమే బియ్యం కొనుక్కున్నాను! అక్క ముందు చేసిన పని ఏంటంటే, నా ఇంటిపేరు కంప్యూటర్లో టైపు చేసి, ప్రింట్ తీసి, డబ్బా మీద ఒకటి, బెల్ మీద ఒకటి పెట్టించింది. మంగళవారం ఓనరు సంతకంతో నమోదుకి వెళ్లాం. పుట్టిన ఊరు వేటపాలెం. ఫారం నింపుతూ జిల్లా దగ్గర నేను ఆగిపోయాను. నేను పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మా నాన్న పుట్టినప్పుడయితే గుంటూరు జిల్లా. ఇవన్నీ ఆవిడకి వివరించబోతే, "ఊరు చాలు" అంది. పదిహేను నిమిషాల్లో కాగితం చేతికిచ్చింది. ఆ మొదటి గది సంగతి చెప్పాలా వద్దా అని భయపడుతున్నాను, ఆవిడ అడగనే లేదు.

వారం తర్వాత పిన్ ఉన్న కవరు వచ్చింది. కార్డు రెండు రోజుల ముందే వచ్చింది. నెలాఖరు వారంలో మొదటి 934 ఖాతాలో పడ్డాయి. అక్టోబరు 29 ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఇండియాతో తేడా నాలుగున్నర గంటలైంది. ఆ సంగతి చెప్పడం మర్చిపోయి, నాన్న మామూలు టైముకి చేస్తే నేనింకా నిద్రలో ఉన్నాను. ఎత్తలేదని కంగారుపడి తొమ్మిది సార్లు చేశాడు. మీ ఇంట్లోవాళ్లకి అక్టోబరు ఆఖరి ఆదివారం, మార్చి ఆఖరి ఆదివారం సంగతి ముందే చెప్పి పెట్టండి.

చిన్నవి ఒకటి రెండు మర్చిపోయాను. అక్కడ తలుపు లాగితే దానంతటదే లాక్ అయిపోతుంది, బయటి నుంచి పిడి తిరగదు. చెత్త బయట వేసి రావడానికి కూడా తాళంచెవి జేబులో పెట్టుకునే వెళ్లండి, తాళాలవాణ్ణి పిలిస్తే బిల్లు మామూలుగా ఉండదు. కిటికీ పిడి పైకి తిప్పితే కిటికీ మొత్తం మీద పడబోతున్నట్టు వంగుతుంది. పడదు, అది అలాగే తెరుచుకుంటుంది. తాలింపు పెట్టే ముందు దాన్ని తెరవండి. పొగ అలారం గురించి నేను చెప్పను, మీకే తెలుస్తుంది.

మొన్న ఇక్కడికి వచ్చాక తెలిసిందండి. ఆ కొత్త డబ్బా మీద నా ఇంటిపేరు ఫోటో తీసి అప్పట్లో నాన్నకి పంపించాను. దాన్ని ప్రింట్ తీయించి మగ్గం పక్కన గోడకి అంటించుకున్నాడు. ఇదిగో, కెమెరా ఇటు తిప్పుతాను, కనబడుతోందా? నాన్నా, ఒక్కసారి పక్కకి జరుగు. జరగడు లెండి, చీర సగంలో ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో హెల్త్ ఇన్సూరెన్స్ సంగతీ, పార్ట్ టైమ్ పని సంగతీ మాట్లాడుకుందాం. అమ్మ అన్నానికి పిలుస్తోంది. ఉంటానండి.